చెత్త ఫోల్డర్‌లో దొరికిన ఫొటో

మా వోల్గా ఒడ్డు ప్రయోగశాలలో పెద్ద చదువులవాళ్లకు కొదవ లేదు. కళ్లున్న మనిషి మాత్రం రిమ్మా అర్కాద్యెవ్నా ఒక్కతే. ముప్పై ఏళ్లుగా ఆమె పని ఫొటోలు చూడడం. వాయువు నింపిన పెట్టెలోకి మేం అణుకేంద్రకాల్ని విసురుతాం. ఒక్కొక్కటి గీత గీసుకుంటూ వచ్చి ఆగుతుంది. తన ప్రోటాన్‌ను పట్టి ఉంచుకోలేక వదిలేస్తుంది. ఫొటోలో ఇంకో సన్నగీత పడుతుంది. ఒకేసారి రెండు ప్రోటాన్లను వదిలే కేంద్రకం కోసం మా పెద్దాయన గ్లేబ్ సవేల్యెవిచ్ పదకొండేళ్లు కాచుకున్నారు. ఒక్కటి కంటపడితే చాలనేవారు.

ఆయన మొండిఘటం. ఫొటో మీద ఏమాత్రం అనుమానమొచ్చినా చెత్తలో వెయ్యమన్నది ఆయన పెట్టిన రూలే. రిమ్మాకు దాన్ని ఓనమాలు దిద్దించినట్టు నేర్పారు.

నవంబరులో ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పడ్డారు. వారం గడవడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజే రిమ్మా చెత్త ఫోల్డర్ మొదటినుంచి తిరగేయడం మొదలుపెట్టింది. మూడో రోజున, వేసవిలో తన చేత్తోనే పారేసిన ఫొటో కనిపించింది. ఒక సన్నగీత, దాని మొదట్లో ఒక మచ్చ. అప్పుడు కెమెరా అద్దం మీది దుమ్మనుకుంది. ఇప్పుడు చూస్తే, నేరుగా కెమెరా వైపు దూసుకొచ్చిన రెండో ప్రోటాన్‌లా ఉంది. అవునో కాదో తేల్చేది, ఫొటోలో కనపడని లోతును, అంటే గీత కెమెరా వైపు ఎంత దూరం వచ్చిందో చెప్పే రికార్డు. అది వేరే యంత్రంలో ఉంది, సరిపోల్చడానికి వారం పడుతుంది. ఆయనకు అంత గడువు లేదు.

సీసాలో కోడిచారు, సంచిలో ఫొటో ప్రింటు పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు.

"లోతు రికార్డు ఏదీ?"

"ఇంకా చూస్తున్నారండీ. అయినా ఇది దుమ్ము కాదు, మీరే చూడండి."

"దుమ్మనుకునే కదా పారేశావు?"

రిమ్మా తలూపింది.

"అయితే అనుమానమే. చెత్తలో వెయ్యి, రిమ్మోచ్కా. చారులో ఉప్పు కూడా తక్కువైంది."

నాకు ఒళ్లు మండిపోయింది. చావబోతూ ఇంత పంతమా? అవునంటే ఆయన సొమ్మేం పోయింది?

గురువారం ఆయన పోయారు. సోమవారం రికార్డు సరిపోలింది. అది రెండో ప్రోటానే.

వ్యాసం అచ్చయింది. పోయినవాళ్లకు వేసినట్టే ఆయన పేరు చుట్టూ నల్లగీత వేశారు. రిమ్మా ఆ పేజీని బల్ల అద్దం కింద పెట్టుకుంది. ఇప్పటికీ అనుమానపు ఫొటో వస్తే చెత్తలోనే వేస్తుంది. ఇకనైనా ఆ రూలు మానుకోవచ్చు కదా అని మొన్న అడిగాను.

"తనకోసమైనా ఒక్క అబద్ధం ఆడలేదాయన," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నేనెలా ఆడతాను?"