మరగతం తెచ్చిన అన్నం

నాగపట్నం దగ్గరి ఆ పల్లెలో, మనిషి పోయిన ఇంట పొయ్యి వెలిగించరు. ఆ ఇంటికి మొదట చేరే అన్నం మరగతానిది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. భర్త సముద్రంలో పోయిన నాడు ఎవరో తెచ్చిపెట్టిన చారన్నం తిని లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళుగా, ఎవరింట ఏడుపు వినబడినా ముందు బియ్యం కడుగుతుంది. కష్టంలో ఉన్నవాళ్ళకు అన్నం పెట్టాలి. అంతకుమించి ఆమెకు తెలియదు.

ఐప్పసి నెలలో, తుఫాన్ల కాలం మొదట్లో వచ్చిన గాలివానకు పడవలన్నీ తిరిగొచ్చాయి, ఇళంగో పడవ తప్ప. అది మూడో రోజు. పక్కింట్లో అతని భార్య పూంగావనం ఏమీ ముట్టలేదని తెలిసి మరగతం అన్నం వండింది. గిన్నె మీద గుడ్డ కప్పి పట్టుకెళ్ళింది.

పూంగావనం గడపలో అడ్డంగా నిలబడింది.

“ఎవరు పోయారని తెచ్చావక్కా?”

“నువ్వు తిన్లేదని...”

“నా పొయ్యి ఆరలేదు. చూడు.”

పొయ్యి మండుతోంది. మీది కుండలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. మూడు రోజులుగా నీళ్ళే మరుగుతున్నాయి.

మరగతం గిన్నెతో ఇంటికి తిరిగొచ్చింది. గిన్నె దించి కూర్చుంది. తను భర్త కోసం ఎదురుచూసిన రోజుల్లో ఊరంతా వచ్చి, ‘వస్తాడులే’ అన్నారు. పక్క రేవులకు వెళ్ళి అడిగినవాళ్ళు లేరు.

లేచి జాలర్ల సంఘం ఆఫీసుకు వెళ్ళింది.

“ఏంటి పెద్దమ్మా, గంప లేకుండా వచ్చావు?” అన్నాడు గుమాస్తా.

“ఇళంగో పడవ సంగతి చెప్పు.”

“పేరు రాసుకున్నాం.”

“రాసుకుంటే వస్తాడా? పక్క రేవుల్ని అడిగావా?”

“అడుగుతాంలే. పడవ నంబరెంత?”

ఆమెకు తెలియదు. మళ్ళీ పూంగావనం గడప దగ్గరికి వెళ్ళింది, వట్టి చేతులతో.

“పడవ నంబరు చెప్పు పిల్లా.”

పూంగావనం ఊపిరి తీసుకోకుండా చెప్పింది. తర్వాత అడిగింది.

“ఎందుకు?”

“ఆఫీసు వాడితో ఫోన్ చేయిస్తా. నువ్వూ రా.”

“పొయ్యి?”

“పెద్ద కట్టె పెట్టి రా.”

ఆఫీసులో గుమాస్తా ఫోన్ తీశాడు. మొదటి రేవులో పడవ లేదన్నారు. రెండోది పలకలేదు.

“మళ్ళీ చెయ్యి,” అంది మరగతం.

“నా చెవి అరిగిపోతోంది పెద్దమ్మా.”

“గంప మోసి నా నడినెత్తి అరిగింది. చెయ్యి.”

మూడో రేవు కోడియక్కరై. ఇంజను చెడి దక్షిణానికి కొట్టుకుపోయిన పడవను పొద్దున లాక్కొచ్చారట. ఇళంగోతో సహా పడవలో నలుగురూ ప్రాణాలతో ఉన్నారట. గుమాస్తా నంబరు రెండుసార్లు చదివించుకున్నాడు.

పూంగావనం గోడకు జారగిలబడి కూర్చుంది. ఏడవలేదు.

“ఆకలేస్తోందక్కా.”

మరగతం లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఇన్నేళ్ళలో ఎవరినీ ఈ మాట అడగలేదు.

“ఏం తెమ్మంటావు?”

“కొట్లో ఇడ్లీ. నీ గిన్నెలోది మాత్రం వద్దు.”