వెల్గటూరు రాయిలో సముద్రం

మొన్న జగిత్యాలలో కళ్ల డాక్టరు ఓ యంత్రానికి గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా చూడమన్నాడు. ఆనించీ ఆనించగానే నా పాతికేళ్ల వయసు తిరిగొచ్చేసింది, జుట్టు మాత్రం రాలేదు.

ఆ వయసులో నేను ఈ ఊళ్లోనే, రాళ్లు పరిశీలించే ఒక ఆఫీసులో తాత్కాలికపు కొలువులో ఉండి, మైక్రోస్కోపు కింద పూర్వకాలపు జీవుల పెంకులు ఏరేవాణ్ని. వెల్గటూరు వైపు నుంచి మెత్తటి రాయి తెచ్చి, నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన నలుసుల్ని తడి కుంచె మొనతో తీయాలి. ఒక్క తుమ్ము తుమ్మితే ఒక యుగం ఎగిరిపోయేది! చారల గుండ్రటి గింజ కనబడితే అది మంచినీటి నాచుది, అంటే అక్కడ ఒకప్పుడు చెరువు. నత్తలా చుట్టుకుని లోపల గదులు గదులుగా ఉంటే దాదాపుగా సముద్రమే. మా రాయిలో ఎప్పుడు చూసినా చెరువే. ఆదివారాలు నేను మాట్లాడేది ఆ నాచుగింజలతోనే. అవి కూడా ముభావంగానే ఉండేవి.

మా అన్న దుబాయిలో, సముద్రపు ఒడ్డున కూలిపని. కొత్తదేదైనా దొరికితే నా కొలువు పక్కా చేయమని పైకి రాస్తానని మా సారు మాటిచ్చాడు కనుక, అది జరిగితే అన్నను ఇంటికి పిలిపించేద్దామని నేనూ, కోరుట్లలో ఉన్న వదినా అనుకున్నాం.

అట్లాంటి రోజుల్లో ఒకసారి, గోనెసంచి దొరకక, అన్న ఎవరితోనో పంపిన గల్ఫు బ్యాగులోనే రాయి మోసుకొచ్చాను. మా వైపు ఆ బ్యాగును చిరిగేదాకా ఎవరూ పారేయరు. విత్తనాలూ అందులోనే, పెళ్లిబట్టలూ అందులోనే. ఆ విడత కడిగిన నలుసుల్లో, గదులు గదులుగా, ముత్యంలా మెరుస్తూ ఒకటి కాదు, గుప్పెడు సముద్రం! వెల్గటూరులో ఓడరేవు కట్టించినంత సంబరంతో వదినకు ఫోన్ చేస్తే, మర్నాడు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని బస్సు దిగింది.

సారు మైక్రోస్కోపులో చూసి, తల ఎత్తకుండానే నవ్వాడు.

"ఏందిరా, నీ సముద్రం ఇంకా తడి గూడ ఆరలే! రాయిల ఉన్నవైతే రంగు పట్టి, లోపల రాయి నిండి ఉంటయ్. ఏ సంచిల తెచ్చినవ్?"

బ్యాగు కుట్లు విప్పి దులిపితే, మూలల్లోంచి తెల్లటి ఇసుక రాలింది. నా కొలువు, అన్న రాక రెండూ ఆ ఇసుకతోపాటే కింద పడ్డాయి. వదిన మాత్రం ఇంకేదో అడిగింది.

"అంటే సార్, గిది మా ఆయిన ఉన్న కాడి ఇసుకనా?"

సారు జరిగి స్టూలు చూపించాడు. ఆమె కన్ను ఆనించి, గోడ గడియారానికే విసుగొచ్చేంతసేపు లేవలేదు.

"తమ్మీ, గింత సక్కని జాగల ఉన్నడా? ఫోన్ల ఒక్కనాడు గూడ చెప్పకపాయె."

ఎండలో ఇనుపచువ్వలు మోసే మనిషి కాళ్ల కింది పెంకుల అందం ఎప్పుడు చూస్తాడని నేను చెప్పలేదు.

కొలువు పక్కా కాలేదు. అన్న జుట్టు తెల్లబడేదాకా అక్కడే ఉండి వచ్చాడు. ఇప్పుడు అక్కడున్న కుర్రాళ్లు సముద్రాన్ని వీడియో కాల్‌లో, ఖర్చు లేకుండా, ఇంట్లోవాళ్లు చాలు చాలనేదాకా చూపిస్తున్నారు. వదినకేమో అన్న నోటి నుంచి ఎస్‌టీడీ బూత్‌లో మీటరు తిరిగినంతసేపే మాటలు దొరికేవి. నేను కోరుట్ల పోయినప్పుడల్లా చూస్తుంటాను: ఎదురుగా మంచం మీదే కూర్చున్న మనిషితో ఆమె ఇప్పటికీ గొంతు పెంచి, గబగబా మాట్లాడుతుంది, ఎక్కడ లైను తెగిపోతుందో అన్నట్టు.