మడతపడని నాలుక

మధుకర్ వైరాగడే ఎండాకాలమంతా రెండు రకాల చల్లదనం పంచేవాడు. తెల్లవారకముందే మైదానంలో జంపఖానాల మీద కూర్చోబెట్టి ఊరికే యోగా నేర్పేది ఒకటి. ఆ తర్వాత దుకాణంలో రేకు పెట్టెలకు వట్టివేళ్ల తడకలు బిగించి, పంపులు బాగుచేసి అమ్ముకునేది రెండోది. నాగపూర్‌లోని ఆ పేటవాళ్లు ఈ రెంటినీ కలిపి అతన్ని ఆటపట్టించని రోజు లేదు.

"సర్, మీరు చెప్పిన ఊపిరితోనే ఒళ్లు చల్లబడిపోతే మీ కూలర్లు ఎవడు కొంటాడు?" అనేవాడు వాంఖడే, ఆసనాలయ్యాక చొక్కా తొడుక్కుంటూ.

"నువ్వు కొంటావులే భావూ. గుట్కా దాటుకుని నీ ఊపిరి లోపలికి వెళ్తే కదా చల్లబడేది!"

అందరూ నవ్వేవాళ్లు. మధుకర్ భార్య విమల్ మామిడికాయ పానకం పన్హా నింపిన కుండ దగ్గర నిలబడి గ్లాసులు అందిస్తూ తనూ నవ్వేది.

ఎండాకాలం అతని పాఠం మారిపోయేది. సూర్య నమస్కారాలు తగ్గించేవాడు. ఎడమ ముక్కుతో నిదానంగా గాలి పీల్చమనేవాడు. "ఎండని తిట్టుకోకండి. తిడితే అది తగ్గదు, మీకు దాహం పెరుగుతుంది. చెమట ఎక్కడ పుట్టింది, ఏ దారిన జారింది, ఎక్కడ ఆగింది, అది చూస్తూ ఉండండి. చూసేవాడికి ఉక్క తక్కువ" అనేవాడు. ఆ మాట విన్నవాళ్లు నిజంగానే కాసేపు విసనకర్రలు పక్కన పెట్టేవాళ్లు. అతని గొంతులో అలాంటి నెమ్మది ఉండేది. దుకాణంలో పంపు బిగుసుకుపోతే పట్టకారు గోడకేసి కొట్టే మనిషి ఇతనేనా అనిపించేది.

అన్నింటి చివరా శీతలి. నాలుక అంచులు రెండూ పైకి మడిచి, తమలపాకు చుట్టినట్టు గొట్టంలా చేసి, కొద్దిగా బయటపెట్టి, దానిగుండా గాలి పీల్చాలి. ముక్కుతో వదలాలి. నోట్లోంచి గొంతులోకి, గొంతులోంచి గుండెలోకి చల్లగా దిగుతుంది.

"కళ్లు మూసుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ తెరవొద్దు. తెరిస్తే మనసు బయటికి పరుగెత్తుతుంది."

అందరూ మూసుకునేవాళ్లు. అప్పుడు మధుకర్ నోరు కొంచెం తెరిచి ఊరికే కూర్చునేవాడు. అతని నాలుక మడతపడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒక్కసారి కూడా మడతపడలేదు. రొట్టెలా చదునుగా పడి ఉంటుంది.

అతనికి యోగం నేర్పిన దాణీ గురూజీ చూపు మందగించిన మనిషి. మాట మాత్రం పదును. "మనసు వంగనివాడి నాలుక మడతపడదు" అనేవాడు. పదిమందిలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మధుకర్‌కి మీసాలు సరిగా రాలేదు. చేత్తో నోరు కప్పుకుని, పక్కవాళ్ల ఊపిరి చప్పుడుకు తన ఊపిరి కలిపేశాడు. గురూజీ "శభాష్" అన్నాడు. ఆ శభాష్ అతని గొంతులో అడ్డంపడి అలాగే ఉండిపోయింది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు విమల్ పెరట్లోకి వచ్చేసరికి, మధుకర్ గడ్డం గీసుకునే అద్దం ముందు రెండు చెంచాల కాడలతో నాలుకను అటూ ఇటూ నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ? నాలుక్కి ఇస్త్రీనా?"

"నవ్వకు. ఇది మడతపడాలి."

"పడకపోతే?"

అతను గురూజీ మాట చెప్పాడు. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. విమల్ చెంచాలు లాక్కుని, అద్దంలో తన నాలుక చాపి చూపించింది. అదీ చదునే.

"చూశారా? జాతకాలు చూసినాయన మన నాలుకలు కూడా చూసుంటే ముహూర్తం ఇంకాస్త దగ్గర్లో పెట్టేవాడు" అంది. అని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక అడిగింది. "పళ్లు దగ్గరగా పెట్టి, సందుల్లోంచి పీలిస్తే చల్లగా రాదా?"

"వస్తుంది. అదీ ఒక పద్ధతే. కానీ గురూజీ దాన్ని చేతకానివాళ్ల పద్ధతంటారు."

"మరి మీరు గురువైన రోజున మొట్టమొదట ఆ మాటే చెప్పండి. మడతపడకపోవడం నేరం కాదని."

"చెప్తాను. ఒట్టు."

"చూద్దాం. నాలుక మడతపడదు సరే, రేపొద్దున మాట దగ్గర నాలుక మడతెయ్యకండి."

మధుకర్ గురువయ్యాడు. మొదటిరోజు గురూజీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, చెప్పలేకపోయాడు. తర్వాతి ఏడాది గురూజీ పోయాడు. అప్పటికి జనం తన కాళ్లకు మొక్కుతున్నారు, ఇప్పుడేం చెబుతాం అనుకున్నాడు. చెప్పని మాట ఏటేటా బరువెక్కింది. విమల్ ఎప్పుడూ గుర్తుచేయలేదు. చివరి వరసలో, అందరూ భోయర్ కాకూ అని పిలిచే పెద్దావిడ పక్కన చాప వేసుకుని, అందరిలాగే అతన్ని "సర్" అని పిలుస్తూ కూర్చునేది. కళ్లు మూసుకోమంటే మూసుకునేది.

ఒక మే నెలలో పక్కపేటల యోగా బృందాలన్నీ ఆ మైదానానికి వచ్చాయి. షామియానా వేశారు. తెల్లారకుండానే గాలి పెనం మీది సెగలా ఉంది. మధుకర్ అప్పటికి కొన్నాళ్లుగా సరిగా నిద్రపోలేదు. దుకాణం నిండా బాగుచేతకొచ్చి మూలుగుతున్న కూలర్లు. వరసల మధ్య నడుస్తూ శీతలి చేయిస్తుంటే, వచ్చినవాళ్లలో ఒకాయన విమల్ దగ్గర ఆగాడు.

"ఏం వైరాగడే సర్, ఊరందరికీ నేర్పారు గానీ ఇంట్లో మీ ఆవిడకి, మా వహినీకి, నేర్పలేదేంటి? నాలుక తివాచీ పరిచినట్టుంది!"

జనం నవ్వారు. మధుకర్ కూడా నవ్వి ఊరుకోవచ్చు. లేదా ఆ క్షణమే నోరు తెరిచి తన నాలుక చూపించవచ్చు. అంతకంటే మంచి సమయం మళ్లీ రాదని కూడా అతనికి తోచింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఏం చెయ్యమంటారు? మనసు వంగనివాళ్ల నాలుక మడతపడదు. మా గురూజీయే అన్నారు. ఇన్నేళ్లు చెప్పాను, ఎక్కితేగా!"

నవ్వు ఇంకా పెద్దదైంది. విమల్ నాలుక లోపలికి తీసుకుని పెదవులు మూసుకుంది. అతని వైపు చూసింది. కోపంగా కాదు. కొట్లో కొనుక్కున్న గిన్నె ఇంటికొచ్చాక సొట్ట కనిపిస్తే చూస్తామే, అలా. ఒక్క మాట అంటే చాలు, అతని పరువు అక్కడే జంపఖానా మీద పడేది. ఆమె అనలేదు. తల వంచుకుని, "తప్పే సర్" అంది.

మర్నాటి నుంచి విమల్ చాప పరచలేదు. "మోకాళ్లండీ" అంది. మధుకర్ మోకాళ్లకు తైలం తెచ్చాడు. ఆమె ఆ సీసా మూత కూడా తీయలేదు. మైదానానికి రావడం మాత్రం మానలేదు. పన్హా కుండ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది, వచ్చినవాళ్లకు గ్లాసు అందిస్తూ ఏవో కబుర్లు చెప్పేది. దూరం నుంచి ఆ గుసగుసలు వినబడితే మధుకర్ మెడ వెనక సన్నగా చెమట పట్టేది. అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన జారిందో చూడాలని అతనికి అనిపించేది కాదు.

కొన్ని వేసవులకు విమల్ గుండె పెద్దదైందన్నారు డాక్టర్లు. మంచం దిగొద్దన్నారు. మధుకర్ దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచి కూలర్ తెచ్చి కిటికీకి బిగించాడు. కొత్త వట్టివేళ్లు పెట్టాడు. గదంతా తడి మట్టి వాసన. ఆమె ఆ వాసన పీల్చుకుంటూ, ఆయాసం వచ్చినప్పుడల్లా పళ్లు దగ్గరచేసి 'స్స్' మని గాలి లోపలికి తీసుకునేది. అతను మంచం పట్టె మీద కూర్చుని ఆ చప్పుడు వినేవాడు.

"ఇవాళ ఏం నేర్పారు?" అనడిగింది ఒక పొద్దున.

"శీతలే. నవతపా కదా, ఈ తొమ్మిది రోజులూ నిప్పులే."

"నాలుక సంగతో?"

అతను తడక మీద జారే నీళ్ల వైపు చూశాడు. "రేపు చెప్తాను విమల్."

"రేపేనా?"

"రేపే. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దండీ. నేనే నిలిచేట్టు లేను" అని నవ్వి, ఆయాసపడి, అతని చెయ్యి పట్టుకుంది.

ఆ రేపు అతను మైదానానికి వెళ్లాడు. ముందు వరసలో కొత్తగా చేరిన కుర్రజంట కూర్చుని ఉంది, భక్తిగా చేతులు కట్టుకుని. చెప్పలేదు. ఇంటికొచ్చి, "ఇవాళ జనం తక్కువొచ్చారు, రేపు చూద్దాం" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ నవతపా పూర్తికాకుండానే, కూలర్ చప్పుడులో, ఏ ఊపిరి ఆఖరిదో అతనికి తెలియకుండానే విమల్ పోయింది.

మధుకర్ ఏడవలేదు. ఏడుపు రాలేదు. సిగ్గు ముందు వచ్చి గుమ్మంలో కూర్చుంది, దాన్ని దాటి ఏడుపు లోపలికి రాలేకపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం బయట చెప్పులు వేసుకుంటూ, "చూశారా, ఎంత నిబ్బరం! అదీ యోగమంటే. సర్‌కి మనసు చేతిలో ఉంది" అనుకున్నారు. వాంఖడే అయితే అతని మోకాలు తాకి, "మీలా ఉండటం మాకెప్పుడొస్తుంది సర్" అన్నాడు. ఆ మాటకు మధుకర్ లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. పాత అద్దం ఇంకా అదే మేకుకు వేలాడుతోంది. అందులోకి చూడలేక వెనక్కి తిప్పి పెట్టాడు.

కర్మలయ్యాక మొదటి పొద్దున మైదానానికి వెళ్లాడు. ఇంకా చినుకు పడలేదు. పన్హా కుండ ఎవరో నింపి పెట్టారు. పక్కన ముక్కాలి పీట ఖాళీగా ఉంది. ఆసనాలయ్యాయి. శీతలి దగ్గరికి వచ్చేసరికి అందరూ అలవాటుగా కళ్లు మూసుకున్నారు.

"మూసుకోకండి" అన్నాడు మధుకర్. "తెరవండి. అందరూ ఇటు చూడండి."

చూశారు. అతను నోరు తెరిచి నాలుక బయటపెట్టాడు. మడవడానికి ప్రయత్నించాడు. అది వణికింది, మడతపడలేదు. చూపించి, లోపలికి తీసుకుని చెప్పాడు. "నాది మడతపడదు. ఎప్పుడూ పడలేదు. నేను మిమ్మల్ని కళ్లు మూసుకోమన్నది అందుకే. ఆరోజు విమల్‌ని నలుగురిలో అన్నానే, ఆ మాట నా గురించి. మడతపడకపోతే నేరం కాదు. పళ్ల సందుల్లోంచి పీల్చవచ్చు. ఈ మాట మొదటిరోజే చెప్తానని ఆమెకు మాటిచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. అదే అతనికి అర్థం కాలేదు. వాంఖడే జంపఖానా అంచు దారాలు పీకుతూ కూర్చున్నాడు. చివరికి భోయర్ కాకూ గొంతు సవరించుకుంది.

"మాకు తెలుసు సర్."

"ఏం తెలుసు?"

"విమల్ వహినీ చాప మానేసిన దగ్గర్నుంచీ, పన్హా ఇచ్చేటప్పుడు ఒక్కొక్కళ్లనే అడిగేది, నీ నాలుక మడతపడుతుందా అని. పడదన్నవాళ్లకి పళ్లతో పీల్చడం నేర్పేది. నాకూ నేర్పింది. ఈ వాంఖడేకీ నేర్పింది. మీక్కూడా పడదని మేం ఓరకంట చూసి కనిపెట్టి అడిగితే, 'సర్‌తో అనకండి, ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. ఆయన నాకు ఒట్టేశారు, చెప్తారు, చూడండి' అంది."

"ఆ మాట మీ నోట వచ్చిన రోజు గ్లాసెత్తి ఆమెకే ముందు చెబుదామనుకున్నాం సర్" అన్నాడు వాంఖడే. అని, ఎందుకన్నానా అన్నట్టు తల దించుకున్నాడు.

మధుకర్ పీట వైపు చూశాడు. భోయర్ కాకూ అది గమనించి, "మొదలుపెడదామా సర్?" అంది మెల్లగా. అతను తల ఊపాడు. కళ్లు తెరిచే, నాలుకలు మడతపడేవాళ్లు మడిచి, పడనివాళ్లు పళ్లు దగ్గరచేసి, అందరూ గాలి లోపలికి తీసుకున్నారు. మైదానమంతా 'స్స్' మంది. అది విమల్ మంచం మీది చప్పుడే. అతను కూడా పళ్లు కలపబోయాడు. అవి కలవలేదు. కింది పెదవి వంకరపోయి, ఇన్నాళ్లూ గుమ్మం బయటే ఆగిన ఏడుపు, అందరూ చూస్తుండగా లోపలికి వచ్చేసింది.