ఎడమచేతి వాటం పీత

మా మావయ్యగారు మొవ్వ దగ్గర నలభై ఏళ్ళు వ్యవసాయం చేశారు. ఆ నలభై ఏళ్ళూ ఆయనకు పీతలంటే పగ. తెల్లారేసరికి గట్టుకు బొక్క పెట్టి, మన చేలో నీళ్ళు పక్క చేలోకి పంపేది పీతే. పొద్దున్నే పార పుచ్చుకుని వెళ్ళి ఆ బొక్కలు పూడ్చడం, దొరికిన పీతను అక్కడే నరికి పారెయ్యడం ఆయన పని. అలాంటి మనిషి, అత్తయ్యగారు పోయాక పొలం కౌలుకిచ్చి బందరులో మా అద్దెవాటాకు వచ్చిన ఏడాదికి, ఒక పొలం పీతను తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. నాకు నవ్వు రాలేదు, నీరసం వచ్చింది. ఇంట్లో చూసుకోవాల్సిన ప్రాణి ఇంకొకటి చేరింది కదా అనిపించింది.

అవి తొంభైల చివరి రోజులు. నేను కోడూరు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళి, అవనిగడ్డలో ఇంకో బస్సు పట్టుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేసేవారు. బదిలీ కోసం పెట్టుకున్న అర్జీలు ఎక్కడున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా 'ఊఁ' అనేదాన్ని. విన్నానో లేదో నాకే తెలిసేది కాదు.

పెరట్లో పాత కుడితి గోలెం ఒకటి ఉండేది. మావయ్యగారు దాన్లో సగానికి నల్లమట్టి నింపి, మధ్యలో జానెడు ఎత్తున గట్టు వేశారు. గట్టుకు ఒక పక్క చారెడు నీళ్ళు, రెండో పక్క తడిమట్టి. కుళాయి నీళ్ళకు మందు వాసనని, ముందురోజే బకెట్లో పట్టి ఉంచి మర్నాడు పోసేవారు. ఒకసారి నేను జాలిపడి గోలెం నిండా నీళ్ళు పొయ్యబోతే కంగారుగా ఆపారు.

"అది చేప కాదమ్మాయ్, మునిగితే చస్తుంది. దానికి తడి కావాలి, గాలి కావాలి."

పీత ఏం చేసేదంటే, ఆ గట్టుకు బొక్క పెట్టేది. ఆయన ఏం చేసేవారంటే, పొద్దున్నే పాత అట్లకాడ పుచ్చుకుని ఆ బొక్క పూడ్చేవారు. ఇద్దరికీ రోజూ అదే పని. పూడ్చాక చేతులు కడుక్కుని, మెతుకులు నాలుగు వేసి, కాఫీ తాగేవారు. "వీడిది ఎడమచేతి వాటం" అని ఏదో చెప్పేవారు. నేను ఊఁ అనేదాన్ని. సాయంత్రం నేను పెరటి అరుగుమీద కూలబడి ఉస్సురంటే, "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అని నవ్వేవారు. అత్తయ్యగారు పోయాక ఆయన నవ్వింది ఆ గోలెం దగ్గరే. అది మాత్రం నాకు తెలుసు.

ఆ శ్రావణంలో ఆయనకు శుక్లాల ఆపరేషన్ కుదిరింది. గుడివాడలో మా ఆడపడుచు ఇంట్లో ఉండి చేయించుకోవాలి. మా ఆయన తోడు వెళ్ళారు. పదిహేను రోజులు గోలెం నా బాధ్యత.

మొదటివారం మెతుకులు ముట్టలేదు. ఆదివారం చూద్దును కదా, మట్టిమీద పీత కదలకుండా పడివుంది. కాళ్ళన్నీ ఉన్నాయి, కరిచిపట్టే డెక్కలున్నాయి, ప్రాణం లేదు. చీపురుపుల్లతో కదిపితే మరీ తేలిగ్గా దొర్లింది. ఆయనకు ఏం చెప్పాలి అన్న భయం ఒకటి, వాసనొస్తే ఇంటివాళ్ళు ఏమంటారో అన్న భయం ఒకటి. గోలెం వంచి, మట్టంతా కాలవ పక్కన కుమ్మరించి, బ్లీచింగు పొడి వేసి కడిగేశాను. సాయంత్రం ఎదురింటి కోళ్ళు ఆ మట్టి కెలికి, దేనికోసమో కొట్లాడుకోవడం చూశాను కూడా. చూసి లోపలికెళ్ళి బియ్యం కడిగాను.

బుధవారం తొమ్మిదో తరగతికి సంధిపాద జీవుల పాఠం. ఏటా చెప్పేదే, పుస్తకం తెరవక్కర్లేదు. బోర్డుమీద 'నిర్మోచనం' అని రాశాను. "ఈ జీవులు పెరిగేటప్పుడు పాత పెంకును మొత్తంగా విడిచేస్తాయి. కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తగా ఉంటాయి, కదలకుండా దాక్కుంటాయి" అని చెప్తున్నాను. చెప్తూ చెప్తూ నోరు ఆగిపోయింది. నేను పారేసింది పీతను కాదు, దాని పాత డొల్లను. పీత ఆ మట్టిలోనే ఉంది. పదకొండేళ్ళుగా ఈ పాఠం చెప్పే నేను, దాన్ని మెత్తగా ఉన్నప్పుడు కోళ్ళకు వేశాను. పిల్లలు చూస్తుండగా కుర్చీలో కూర్చుండిపోయాను.

తప్పు చేశాక దాన్ని కప్పిపెట్టే తప్పు ఇంకోటి చేశాను. స్కూల్లో నీళ్ళు పట్టే ఆయమ్మను ఒక పొలం పీత కావాలని అడిగాను.

"ఒక్కటేంటి మేడమ్ గారూ, పులుసుకేం చాలుద్ది? బుట్టెడు పట్టించుకొత్తా."

"ఒక్కటి చాలు. బతికున్నది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మర్నాడు మూత ఉన్న సత్తుగిన్నెలో ఒకటి తెచ్చిచ్చింది. రెండు బస్సులూ ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మట్టి నింపి, నాకు చేతనైనట్టు గట్టు వేశాను. ఆయనకు చూపు ఆనదు కదా, కనిపెట్టలేరులే అనుకున్నాను. ఆపరేషన్ దేనికి చేయించామో ఆ క్షణాన నాకు తట్టలేదు.

ఆయన నల్ల కళ్ళద్దాలతో వచ్చారు. మర్నాడు పొద్దున్నే అద్దాలు తీసి, గోలెం మీదకు వంగి చాలాసేపు చూశారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

"దీనికి కుడి డెక్క పెద్దదమ్మాయ్. వాడికి ఎడమది."

ఇక దాచలేదు. డొల్ల సంగతి, మట్టి సంగతి, కోళ్ళ సంగతి అన్నీ చెప్పేసి ఏడ్చాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"వెళ్ళేముందు చెప్పానుగా, డొల్ల విడిచే రోజులు, మట్టి కదపొద్దని. నువ్వు చెప్పులేసుకుంటున్నావులే. బస్సు తొందర."

ఎంత గుర్తుచేసుకున్నా ఆ మాట నాకు గుర్తురాలేదు. చెప్పులు వేసుకోవడం మాత్రం గుర్తొచ్చింది.

"దీన్ని తీసుకెళ్ళి దాని చేలో వదిలెయ్యి. ఊరికే నీకు శ్రమ" అన్నారు. అదే సత్తుగిన్నెలో తీసుకెళ్ళి కోడూరులో ఒక గట్టు పక్కన వదిలాను. అది వెనక్కి చూడకుండా బురదలోకి జారిపోయింది. సాయంత్రం వచ్చేసరికి గోలెం బోర్లించి ఉంది. అట్లకాడ కడిగి వంటింట్లో పెట్టారు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్న, నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన ఏదో చెప్పబోయారు. నా కాళ్ళవైపు చూసి ఆగిపోయారు. నేను చెప్పులు విప్పేసి ఆయన పక్కన కూర్చున్నాను.

"చెప్పండి మావయ్యగారూ."

"ఏం లేదమ్మా. బస్సు పోతుంది, వెళ్ళు."

బస్సు పోయింది. నేను కూర్చునే ఉన్నాను. ఆయన మాత్రం ఏమీ చెప్పలేదు.