నర్సమ్మ గారి విమానం

మా అపార్ట్‌మెంటులో ఎవరు తలుపులకు రంగులు వేయించుకుంటున్నా ముందుగా పసిగట్టేది నేనే. లిఫ్టు తలుపు తెరుచుకోగానే టర్పెంటైన్ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, చేతిలో కూరగాయల సంచీ బరువుగా ఉన్నా సరే, ఆ అంతస్తులో దిగిపోయి, రంగులేసే అతను అనుమానంగా చూస్తున్నా పట్టించుకోకుండా, రెండు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చుకుని గానీ కదలను. "తలనొప్పి రాదా ఆంటీ?" అని అడిగాడు మొన్న ఒకతను. తలనొప్పా, నా మొహమా! ఆ వాసనలో నా వేసవి సెలవులున్నాయి, మారేడ్‌పల్లిలో మా పెంకుటింటి వెనక వసారా ఉంది, ఆ వసారాలో కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని, నాలుక కొసను పళ్ల మధ్య బిగించి, శనగగింజంత చక్రానికి నల్లరంగు వేస్తున్న మా జీవరత్నం పెదనాన్న ఉన్నాడు.

ఆయన మా నాన్నకు అన్న. గుంటూరు జిల్లాలో చర్చి బడిలో చదువుకుని, మీసాలు సరిగ్గా రాకముందే వైమానిక దళంలో చేరి, విమానాలను విప్పి బిగించే ఫిట్టరుగా దేశమంతా తిరిగి, రిటైరయ్యాక సికిందరాబాదులో మా ఇంట్లోనే తూర్పువైపు రెండు గదుల్లో కాపురం పెట్టాడు. పిల్లల్లేరు. ఆయనకు ఉన్నవల్లా తనమీద కేకలేయడానికి మా శాంతమ్మ పెద్దమ్మ, అంటించుకోవడానికి ప్లాస్టిక్ విమానాలు. అవి పెట్టెల్లో ముక్కలుగా వచ్చేవి. సన్నటి చట్రాలకు రెక్కలు, తోకలు, చక్రాలు, కుర్చీలు, చివరికి పైలట్ కూడా అతుక్కుని ఉండేవాడు. ఒక్కో ముక్కనూ గోళ్ల కత్తెరతో తుంచి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అంటించి, రంగులు వేస్తే, అసలు విమానంలో ఏ రేకు ఎక్కడుంటుందో అదే రేకు అక్కడే ఉండే బుల్లి విమానం తయారయ్యేది. దాన్ని ఎవరైనా బొమ్మ అన్నారా, పెదనాన్న మొహం మాడిపోయేది. "బొమ్మలు ఆడుకోటానికి. ఇది కొలత ప్రకారం చేసిందయ్యా" అనేవాడు, ఇంటికొచ్చిన పాస్టరుగారైనా సరే.

మే నెల వచ్చిందంటే మా వసారాకు ఒక చివర ఆవకాయ, ఇంకో చివర విమానాశ్రయం. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి గోనెసంచీలో తెచ్చిన పుల్లటి కాయలను నాన్న టెంకతో సహా ముక్కలు కొడుతుంటే, అమ్మ ఒక్కో ముక్కనూ పాతచీర గుడ్డతో తుడిచి పరుస్తుంటే, ఆవపిండి ఘాటుకు అందరికీ కళ్లవెంట నీళ్లు కారుతుంటే, అవతలి మూల పెదనాన్న బట్టల క్లిప్పులు బిగించిన రెక్కలను దుమ్ము పడకుండా చేటకింద ఆరబెట్టుకునేవాడు. రెండు చివరలకూ మధ్య పెద్దమ్మ కాపలా. "ఏవయ్యా, ఆ సీసాకి మూతపెట్టు! ఆ కంపు నా జాడీలోకి గనక పోయిందంటే ఏడాది పొడుగునా నీకు ఆ ఆవకాయే వడ్డిస్తా" అని అరిచేది. ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. ఆవిడ కుట్టుసూదులు, పౌడరు డబ్బా మూతలు, గోళ్లరంగు, పోయిన క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, అన్నీ ఆ విమానాశ్రయానికే చేరేవి. చట్రం పుల్లను కొవ్వొత్తి మంట మీద మెత్తబడేదాకా కాచి రెండువైపులా లాగితే వెంట్రుకంత సన్నటి తీగ సాగేది. విమానం వీపు మీద యాంటెన్నా అదే. ఆ తీగ సాగుతున్నంతసేపూ మేమిద్దరం ఊపిరి బిగబట్టుకునేవాళ్లం.

ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని మా ఇంటికొచ్చినవాళ్లు చాలామంది అడిగారు. పెదనాన్న ఒక్కడే అడగలేదు. తొమ్మిదేళ్లు నిండగానే నాకో చిన్న విమానం ఇచ్చి, సొంతంగా చెయ్యమన్నాడు. అంటించాను, రంగేశాను, గర్వంగా బల్లమీద మూడు చక్రాలపై నిలబెట్టాను. అది నింపాదిగా ముక్కు పైకెత్తి తోకమీద చతికిలబడింది. ముక్కు మూసేముందు అందులో సీసం ముక్క వెయ్యాలి, బరువుకి. ఆ సంగతి మరిచిపోయాను. పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "విప్పేసి మళ్లీ చేస్తా" అని ఏడుపు మొహం పెడితే మాత్రం నవ్వు ఆపేసి, "వద్దమ్మడూ. ఒకసారి అంటించి రంగేశాక ఇక పగలగొట్టకూడదు. తప్పుంటే ఉండనియ్, వచ్చేదాంట్లో సరిచేసుకో" అన్నాడు. తోక కింద అగ్గిపుల్ల పెట్టి నిలబెట్టాం. పెదనాన్నకు ఆ నియమం బైబిల్ వాక్యంతో సమానం. ఎన్ని విమానాలు చేశాడో, పగలగొట్టినదాన్ని నేను ఒక్కటీ చూడలేదు, ఆ ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి బొల్లారంలో ఉండే నర్సమ్మ గారి కోసం చేసింది. నర్సమ్మ గారి పెద్దకొడుకు యాదగిరి యుద్ధవిమానం నడిపేవాడు. వాళ్ల ఇంటావంటా అలాంటి ఉద్యోగం ఎవరూ చేయలేదు. యుద్ధం రోజుల్లో ఒక ఉదయం ఆయన్ను విమానంలో కూర్చోబెట్టి, భుజాల మీది పట్టీలు బిగించి, నిచ్చెన దిగివచ్చింది మా పెదనాన్నే. ఆ విమానం తిరిగి రాలేదు. తర్వాత పెదనాన్న ఎక్కడ పనిచేస్తున్నా ఏడాదికోసారి బొల్లారం వెళ్లి ఆవిడను చూసి వచ్చేవాడు. సికిందరాబాదులో స్థిరపడ్డాక నెలకోసారి, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని. కొడుకు పోయిన కొత్తల్లో పేపర్లో విమానం కనిపిస్తే చాలు, నర్సమ్మ గారు మొహం తిప్పుకునేదట. చూడాలని మనసు పుట్టేనాటికి నీటికాసులు వచ్చి ఆవిడ రెండు కళ్లూ పోయాయి.

"అది ఎట్లుంటది రత్నం?" అని అడిగింది ఒకసారి, నేను పక్కనే ఉండగా. "నా కొడుకు దేన్ల గూసుండి పోయిండో జెర సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. నేను పోయేలోపల తెల్సుకోవాలె."

పెదనాన్న చెప్పాడు. మంచినీళ్ల చెంబు ఆవిడ చేతికిచ్చి, ఇది ఒళ్లు అనుకోమన్నాడు. రెండు విసనకర్రలు రెక్కలనుకోమన్నాడు. ఆవిడ చెంబును అటూ ఇటూ తిప్పి, "చెంబుల గూసున్నడా నా కొడుకు?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేక నవ్వేశాను కూడా. పెదనాన్న నవ్వలేదు. ఇంటికి వచ్చీరాగానే లండన్‌లో నర్సుగా ఉన్న మా మేనత్తకు ఉత్తరం రాశాడు. యాదగిరి నడిపిన రకం విమానమే కావాలి, చిన్నది వద్దు, దొరికినవాటిలో పెద్దది పంపమని.

నాలుగు నెలలకు పెట్టె వచ్చింది. మూర పొడుగు విమానం, నా బొటనవేలంత పైలట్. పెదనాన్న ఆ రోజు చేతులు సబ్బుతో కడుక్కుని మరీ పెట్టె విప్పాడు. రంగుల కోసం ఇద్దరం రాణిగంజ్ వెళ్లాం. దుకాణం అతను "తలుపులకా, కిటికీలకా?" అని అడిగితే, "యుద్ధవిమానానికి" అన్నాడు పెదనాన్న. "ఏంది సార్ మజాకా?" అని అతను, మజాకా కాదని ఈయన. ఆకుపచ్చలో రెండు చుక్కలు నలుపు, బూడిదలో ఒక చుక్క నీలం కలిపి, అగ్గిపెట్టె మీద పూసి, ఎండలోకి తీసుకెళ్లి చూసి, కాదని తల అడ్డంగా ఊపి, మళ్లీ కలిపి, ఇలా పన్నెండు అగ్గిపెట్టెలు అయ్యాక గానీ ఆయన కంటికి ఆ రంగు కుదరలేదు. పెట్టెలో వచ్చిన గుర్తులు వేరే దేశానివి. అందుకని కంపాసుతో కాగితం కోసి, మన కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు రెక్కల మీద చేత్తో దిద్దాడు. లోపల పైలట్ ముందుండే గడియారాల్లాంటి పరికరాలకు ఒక్క వెంట్రుక మిగిల్చిన కుంచెతో ముళ్లు కూడా గీశాడు. ముళ్లు! ఎవరికి కావాలి?

ఉండబట్టలేక అడిగేశాను. "నర్సమ్మ గారికి కళ్లు కనపడవు కదా పెదనాన్నా. ఈ రంగులన్నీ ఎందుకు?"

కుంచె ఆపకుండానే జవాబు చెప్పాడు. "ఆయమ్మకి కనపడదు. నాకు కనపడుద్దిగా!"

ఆ మాటకు నేను ఈనాటికీ దణ్ణం పెడతాను. ఆఖరున పైలట్ తలమీది గాజుగూడు. టూత్‌పేస్టు రాసి మెత్తటి గుడ్డతో వారం రోజులు రుద్దాడు, అది అక్కడ ఉందో లేదో తెలియనంత తేటగా వచ్చేదాకా. తెల్లబంకతో అంటించి, సందులు పూడ్చి, అంచుల మీద రంగు వేశాడు. అంత అందమైన వస్తువు మా ఇంట్లో అంతకుముందు లేదు. పెద్దమ్మ కూడా గరిటె పట్టుకునే వచ్చి చూసి, "బానే ఉందిలే" అంది. ఆవిడ నోట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు.

మర్నాడు చర్చి అయ్యాక బొల్లారం వెళ్లాం. వాకిట్లో నులకమంచం మీద కూర్చున్న నర్సమ్మ గారు చేతులు కొంగుకు తుడుచుకుని ఒడి పట్టింది. పెదనాన్న విమానాన్ని ఒడిలో పెట్టి, ఆవిడ వేళ్లను తన వేళ్లతో నడిపించాడు. ఇది ముక్కు. ఇవి రెక్కలు. ఇక్కడ చక్రాలు. ఆవిడ తొందరపడలేదు. ఒక్కోదాన్ని రెండేసి మూడేసి సార్లు తడిమి చూసింది. చిన్నకోడలు పొయ్యి వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా కొడుకు యాడ గూసుంటుండె?"

పెదనాన్న ఆవిడ చూపుడువేలు తీసుకెళ్లి గాజుగూడు మీద పెట్టాడు. ఆవిడ రుద్దింది. మళ్లీ రుద్దింది. "గిదేంది, నున్నగున్నది?"

"అద్దమమ్మా. దానికింద ఉన్నాడు."

"మూసిపెట్టినవా?"

అప్పుడు చూశాను మా పెదనాన్న మొహం. మూడు నెలలు ఇద్దరం వంగి వంగి చేసిందంతా కళ్లున్నవాళ్లు చూసి మెచ్చుకునే విమానం. తడిమి చూసే తల్లికోసం చేస్తున్నామని తెలిసీ, కొడుకును ఆవిడ వేలికి అందకుండా అద్దంకింద పెట్టి, బంకపూసి, పైన మెరుగులు దిద్దాం. అంతటి పనిమంతుడికి, ముళ్లు సైతం గీసినవాడికి, ఆ ఒక్క సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు.

పెదనాన్న విమానాన్ని ఆవిడ ఒడిలోంచి తీసుకున్నాడు. బొటనవేలి గోరు గాజుగూడు అంచుకింద దూర్చి ఒక్క పెట్టున లేపాడు. టప్పున చప్పుడైంది. అద్దం రెండు ముక్కలై, దానితోపాటు చుట్టూ ఉన్న ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచి నులకమంచం మీద పడింది. "పెదనాన్నా!" అని కేకేశాను. ఆయన వినిపించుకోలేదు. విమానాన్ని మళ్లీ ఒడిలో పెట్టి, ఆవిడ వేలును లోపలికి దించాడు.

వేలు మెల్లగా తిరిగింది. "తలకాయ..." అంది. "గిది మూతి. గివి బుజాలు." మళ్లీ తడిమింది. "బుజాల మీద గీ పట్టీలేంది రత్నం?"

"నేనే కట్టానమ్మా" అన్నాడు పెదనాన్న.

ఆవిడ వేలు ఆ పట్టీల మీదే చాలాసేపు ఉంది. "గట్టిగనే కట్టినవ్ బిడ్డా" అంది చివరికి. పెదనాన్న అక్కడే నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కోడలు ఇచ్చిన టీ తాగకుండానే చల్లారిపోయింది.

ఆ తర్వాత నర్సమ్మ గారు ఆరేళ్లు బతికారు. విమానం తలగడ పక్కనే ఉండేదని, పొద్దున లేవగానే ముందు దాన్నే తడుముకునేవారని కోడలు చెప్పేది. ఆవిడ పోయాక ఆ కోడలే దాన్ని పాతచీరలో చుట్టి తెచ్చి పెదనాన్నకు ఇచ్చింది. ఆయన దానికి మళ్లీ రంగు వేయలేదు, కొత్త అద్దం పెట్టలేదు.

ఇప్పుడు పెదనాన్న లేడు, పెద్దమ్మ లేదు. మారేడ్‌పల్లిలో మా పెంకుటిల్లు ఉన్నచోట అయిదంతస్తుల భవనం ఉంది. రాణిగంజ్‌లో ఆ రంగుల దుకాణం ఏదో పోల్చుకోలేను. ఇలాంటి పెట్టెలు ఇప్పుడు ఫోనులో నొక్కితే ఇంటికే వస్తాయట, రంగులు కూడా కలిపేసి. విమానం మా హాల్లో అద్దాల బీరువాలో ఉంది. రెక్కల మీద వలయాలు వెలిశాయి గానీ, లోపల పెదనాన్న గీసిన ముళ్లు మాత్రం నిన్న గీసినట్టే ఉన్నాయి.

మొన్న బీరువా దులుపుతూ మా అమ్మాయి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి లోపలికి తొంగి చూసింది. పైలట్‌కు ముక్కూ మూతీ ఏవీ లేవు. ముఖమంతా నున్నగా, గులకరాయిలా ఉంది.

"అయ్యో, ఈయన ముఖం ఇలా ఎవరు అరగదీశారమ్మా?" అని అడిగింది.

"వాళ్లమ్మ" అన్నాను.