కెమెరాకు చూపని తొక్కలు

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే ఆ దుకాణంలో పనివాళ్ల ఫోన్లన్నీ కౌంటరు సొరుగులో ఉండాలి. ఆవిరి ఇస్త్రీపెట్టె పట్టుకున్న చేయి మరొకటి పట్టుకోకూడదన్నది యజమాని నియమం. అందువల్ల తన వీడియో కింద పొద్దున వచ్చిన ప్రశ్నను, అక్కడ ఇస్త్రీ చేసే ఆమె మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక గాని చూడలేదు.

“అక్కా, మీరు చెప్పినట్టే బంగాళాదుంప తొక్కలు ఒక్కటీ పారెయ్యకుండా వేయించాను. కొన్ని పచ్చగా ఉన్నాయి, అవీ వేశాను. అమ్మ ఇష్టంగా తింది. ఇప్పుడు వాంతులు ఆగట్లేదు, మనిషి తూలుతోంది. ఇలా అవుతుందా?”

ఆమె తినడం ఆపేసింది. డబ్బా మూత పెట్టేసి, ఆ నాలుగు మాటలే మళ్లీ మళ్లీ చదివింది.

ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు ఎందరో ఆమెను తొక్కలక్క అని పిలుస్తారు. వంటింట్లో మిగిలే తొక్కలు, కాడలు, గింజలు పారేయకుండా ఎలా తినవచ్చో చిన్న వీడియోలు చేసి పెడుతుంది. ఆడపడుచు ఫోను పట్టుకుంటుంది. అత్తగారు మంచం మీది నుంచే, మనింట్లో చెత్తబుట్ట పస్తులుండి చచ్చేట్టుంది, దానికీ ఓ ముద్ద పెట్టండే అని మేలమాడుతుంది. ఆ మాట ఒక వీడియోలో వినబడితే చూసినవాళ్లు తెగ నవ్వుకున్నారు.

తిండి గురించి ఆ వీడియోల కింద జరిగే చర్చ మొదట ఆమెకు ముచ్చటగానే ఉండేది. తరువాత అది మరొకటిగా కనిపించసాగింది. తొక్క కడగడానికి వాడిన నీళ్లు వృథా కాదా అని ఒకరు నిలదీస్తే, దాన్ని వేయించడానికి తగలబెట్టిన గ్యాసు మాటేమిటని ఇంకొకరు లెక్కకు దిగేవారు. వెనక అలమరలో ప్లాస్టిక్ సంచి కనబడిందని వేరొకరు వేలెత్తి చూపేవారు. ఏం తినాలన్న ప్రశ్న, ఎవరు మంచివారన్న తగువుగా మారడానికి ఎంతోసేపు పట్టేది కాదు. మనిషి తన మంచితనాన్ని తూచుకోవడానికి ఎదుటివారి చెత్తబుట్టను మించిన తూనికరాయి దొరకదు కాబోలు.

ఒకసారి కాలీఫ్లవర్ కాడలో ముదిరిపోయిన కొసను పక్కన పడేస్తూ కెమెరాకు దొరికిపోయింది. ఇదేనా నీ పొదుపు, నీతులు మాకేనా అంటూ ముఖాలు లేని మనుషులు రోజుల తరబడి వెంటబడ్డారు. అప్పటినుంచి ఆమెకు కెమెరా అంటే గుబులు పట్టుకుంది. చెత్తబుట్టను వంటింట్లోంచి తీసి వరండాలో పెట్టించింది.

బంగాళాదుంపల వీడియో తీసిన రోజు దుంపల్లో కొన్ని పచ్చబడి ఉన్నాయి. అలాంటి తొక్క తినకూడదనీ, ఎంత వేయించినా దానిలోని విషం పోదనీ ఆమెకు తెలుసు. వాటిని వేరుచేసి పక్కన పెట్టింది. వీటినీ చూపిద్దామా వదినా అని ఆడపడుచు అడిగితే, వద్దులే, మళ్లీ మొదలెడతారు అంది. పచ్చవాటిని ఏరి తీసిన ఆ భాగాన్ని వీడియోలోంచి కత్తిరించేశారు. పైగా ఆమె నవ్వుతూ, ఒక్క తొక్క కూడా వదలకండి అంటూ ముగించింది.

ఇప్పుడు ఆ ప్రశ్న కింద జనం పోగయ్యారు. పలచటి మజ్జిగ పట్టమని ఒకరు, అదంతా ఒంట్లో చెడు బయటికి పోవడమేనని ఇంకొకరు. మా తాతలు అన్నీ తిన్నారు, ఎవరూ పోలేదన్నవారు ఒకరు. తొక్కలక్క ఒకరిని పైకి పంపేసినట్టుందే అని పెట్టి, పక్కన నవ్వుతున్న బొమ్మ అతికించినవారు ఒకరు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆమె వెంటనే ఆ మాట రాసింది. విడిగా కూడా సందేశం పంపింది. ఆ మనిషి పేరున్న చోట కిటికీలో ఒక పూలకుండీ బొమ్మ తప్ప ఏమీ లేదు. ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు. తన మాట వినే ఓ ఇంట్లోకి ఆమె ఇన్నాళ్లూ సులువుగా వెళ్లి వచ్చింది. ఇప్పుడు ఆ ఇంటి తలుపు ఏ వీధిలో ఉందో తెలియదు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. ఫోను సొరుగులోకి వెళ్లింది. ఆ మధ్యాహ్నమంతా ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా ముక్కూ మొహం తెలియని ఒక తల్లి పళ్లెం పట్టుకుని ఇష్టంగా తింటున్న దృశ్యం కళ్లముందు నిలిచేది. ఇస్త్రీపెట్టె ఒకచోటే ఆగిపోయి, తెల్లచొక్కా కాలరు కమిలింది. ఒంట్లో బాలేదా అని యజమాని అడిగాడు. బానే ఉందండీ అంది.

ఇంటికి వచ్చి విషయం చెప్పగానే ఆడపడుచు ముఖం పాలిపోయింది.

“తీసేద్దాం వదినా. వీడియోనే లేకపోతే ఎవరేం అంటారు?”

“ఇప్పటికే చూసినవాళ్ల పొయ్యి మీద ఉన్నది ఎవరు దించుతారే?”

“మరి పోలీసులదాకా వెళ్తే?”

ఆమె ఫోను తీసుకుంది. వీడియోను ఉంచి, అందరికీ పైన కనబడేలా ఒక హెచ్చరిక రాసింది. పచ్చబడిన తొక్కలు తినకూడదు, దయచేసి పారేయండి. రాశాక చదువుకుంటే అందులో అబద్ధమేమీ లేదు. తనకు ముందే తెలుసన్న ఒక్క మాటే లేదు. నిజం చెబుతూనే నిజం వెనక దాక్కోవచ్చునని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. అయినా ఆ మాట చేర్చలేదు.

అత్తగారు ఆ సాయంత్రం మేలమాడలేదు. అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. పూలకుండీ.

“అమ్మని ఆసుపత్రిలో ఉంచారు. సెలైన్ ఎక్కిస్తున్నారు. ప్రాణభయం లేదన్నారు.”

ఆడపడుచు గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె ఇంకా వదలలేదు. కింద మరొక వాక్యం వచ్చింది.

“ఒకటి అడుగుతా అక్కా. ఆ రోజు మీ దుంపల్లో పచ్చవి లేవా? ఉంటే మీరు తిన్నారా?”

మధ్యాహ్నం నుంచి ఆమె భయపడినది చావుకేనని అనుకుంది. చావు తప్పుకున్నాక కూడా భయం అక్కడే కూర్చుని ఉంది. లేవు అని రాస్తే చాలు. ఆ వరండా బుట్టను చూసినవాళ్లు ఎవరూ లేరు.

“చెప్పకు వదినా. ఇంతటితో పోనీ.”

ఆమె రాసింది. “ఉన్నాయి. తినలేదు, పారేశాను. తిడతారని మీకు చూపించలేదు.”

అవతలివారు చదివినట్టు గుర్తు పడింది. ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఆ తరువాత ఏమీ రాలేదు.

ఆమె లేచి వరండాలోని చెత్తబుట్టను తెచ్చి వంటగట్టు మీద, సరిగ్గా కెమెరా చూసే చోట పెట్టింది. దాన్ని ధైర్యమనడానికి లేదు. ఒక భయం కన్నా ఇంకో భయం పెద్దదైంది, అంతే.

“చేతులు వణుకుతున్నాయి వదినా, రేపు తీద్దాం.”

“వణకనీ. పట్టుకో ఫోను.”