పద్దెనిమిదో నంబరు పేపరు

మా ఆవిడ ఇరవై రెండేళ్లుగా కాలేజీలో ఎకనామిక్స్ చెబుతోంది. పరీక్షల రోజులొస్తే మా భోజనాల బల్ల మీద కంచాలకు చోటుండదు, అన్నీ పేపర్లే. ఆవిడ దిద్ది, పేపరు మీద ఏమీ రాయకుండా నంబరూ మార్కులూ నోటితో చెబుతుంది, నేను జాబితాలో వేస్తాను. జీతం లేని గుమాస్తాని.

అందుకే కొత్త ప్రిన్సిపాల్ వ్యాసాలు ఎత్తేసి, నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమనే బిట్లే చాలన్నప్పుడు లోలోపల ఎగిరి గంతేశాను. ఆవిడ మాత్రం అగ్గిమీద గుగ్గిలమైంది.

"కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా పావు వంతు మార్కులొస్తాయండీ! ధర ఎందుకు పెరిగిందో నాలుగు ముక్కలు రాయమనండి, అప్పుడు తెలుస్తుంది బుర్రలో ఏముందో."

చివరికి ఒకే క్లాసుకు రెండు పరీక్షలూ పెట్టి పోల్చి చూద్దామనుకున్నారు. ఏది తప్పినా ఏడాది మళ్లీ చదవాల్సిందే.

పద్దెనిమిదో నంబరు అమ్మాయికి బిట్లలో యాభైకి నలభై రెండు వచ్చాయి. వ్యాసంలో పదహారే. పాసు మార్కు ఇరవై.

"చూశారా? కారణం చెప్పమనేసరికి చేతులెత్తేసింది. ప్రిన్సిపాల్‌గారికి ఇదే చూపిస్తా," అని మురిసిపోయింది.

మర్నాడు పొద్దున టీ తాగి మిగతా కట్ట ముందేసుకుంది. దిద్దినవాటిలో ఒకటి అందులో కలిసిపోయిందని ఇద్దరం గమనించలేదు.

"రొట్టెల ధర గురించి ఎంత చక్కగా రాసిందో! పద్దెనిమిదో నంబరు. ఇరవై ఏడు వెయ్యండి."

వెయ్యబోయి ఆగాను. ఆ నంబరు పక్కన నా చేతిరాతతోనే పదహారు ఉంది. జాబితా ఆవిడ ముందుకు జరిపాను.

"నిన్న దీనికి ముందు దిద్దింది ఎవరిదండీ?"

"మీ క్లాసు ఫస్టు కుర్రాడిది."

"అదీ సంగతి. వాడి రాత కళ్లలో పెట్టుకుని దీన్ని చదివాను." జాబితాలో ఆ పదహారు మీద వేలు పెట్టింది. "పిల్లకి ఏడాది పోగొట్టేదాన్ని."

ఆవిడ తప్పు ఒప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు తనే వెళ్లి ప్రిన్సిపాల్‌కు రెండు మార్కులూ చూపించింది. బిట్లూ ఉండాలి, వ్యాసమూ ఉండాలి, కానీ ప్రతి వ్యాసం ఇద్దరు దిద్దాలని చెప్పి వచ్చింది. పద్దెనిమిదో నంబరు పాసయింది.

సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని, "ఇన్నేళ్లలో రెండోసారి నా చేతికి రాని పేపర్లు ఎన్నుంటాయండీ?" అంది. నాకు గుండె చివుక్కుమంది. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు గర్వంగానూ అనిపించింది.

రెండోసారి దిద్దడానికి వేరేవాళ్లకు ఇచ్చేముందు అన్నీ తనే మళ్లీ చూస్తానని కట్ట తిరగేసి పెట్టుకుంది.

"పాత జాబితా నాకు కనబడనివ్వకండి," అంది.

దాన్ని నా కింద వేసుకు కూర్చుని, కొత్త కాగితం తీసుకున్నాను.